ఒకదానికి తోడు మరొకటా?



ఇంట్లో ఒక కుక్కని పెంచుకుంటున్నవాళ్ళకి ఏదో ఒకనాడు ఈ ప్రశ్న ఎదురౌతుంది. పిల్లలు బడికి, ఆయన ఆఫీసుకి, మనం ఏ పెళ్ళికో పేరంటానికో వెళ్ళిపోతే, పాపం అది గుమ్మంకేసి చూస్తూ పడుకుంటుంది. తిరిగి వచ్చేసరికి దాని ఆత్రం, ఆ గెంతులు చూసి మన మనసు కరిగిపోతుంది. "దీనికో తోడు తెస్తే బాగుండు" అని ఎవరో ఒకరు అననే అంటారు. పిల్లలు చప్పట్లు కొట్టి అప్పటికప్పుడే పేరు కూడా పెట్టేస్తారు!

ఈ సంబరంలో ఒక్క మనిషి మాత్రం నోరు మెదపకుండా లెక్కలు వేసుకుంటుంది. ఆవిడే ఇల్లాలు. తెచ్చేది ఎవరైనా అన్నం కలిపి పెట్టేదీ, నేల తుడిచేదీ, అర్ధరాత్రి వాంతి చేసుకుంటే లేచి చూసేదీ ఆవిడే కదా! అందుకని ఈ విషయంలో చివరి మాట మనదే కావాలి. ఆ మాట చెప్పేముందు ఏమేం ఆలోచించుకోవాలో ఇవాళ ముచ్చటించుకుందాం.

మొట్టమొదట చూడవలసింది, మన కుక్కకి నిజంగా తోటికుక్క కావాలా అన్నది. ఎదిగిన కుక్క రోజులో సగభాగం నిద్రలోనే గడుపుతుంది. మనం లేనప్పుడు పడుకున్నంత మాత్రాన అది దిగులుతో వున్నట్టు కాదు. మనం గడప దాటగానే ఏకబిగిన అరవడం, తలుపు గీరడం, చొంగ కార్చడం, ఇంట్లోనే పాడుచేయడం — ఇవి వుంటే అది దిగులే. అయితే ఆ దిగులు సాధారణంగా మనుషుల కోసం. పక్కన మరో కుక్కని కూర్చోబెడితే అది తీరుతుందన్న భరోసా లేదు. ఒక్కోసారి కొత్తది కూడా పాతదాన్ని చూసి అరవడం నేర్చుకుంటుంది. అప్పుడు ఒక గొంతుకి రెండు గొంతులై, పక్కింటివాళ్ళు తలుపు తడతారు!

ఇక ఆట సంగతి. వీధిలో షికారుకి తీసుకెళ్ళినప్పుడు మీ కుక్క ఇతర కుక్కలతో ఎలా వుంటుందో నాలుగు రోజులు గమనించండి. ముందుకాళ్ళు నేలకి చాపి, నడుం పైకెత్తి, తోక ఆడిస్తే "ఆడుకుందాం రా" అని పిలుస్తున్నదన్నమాట. వీపు మీద బొచ్చు నిక్కబొడుచుకుని, ఒళ్ళు బిగదీసుకుని, కన్నార్పకుండా చూస్తే "దూరంగా వుండు" అని అర్థం. చిన్నప్పుడు కనిపించిన ప్రతి కుక్కతో ఆడినవి కూడా రెండు మూడేళ్ళు దాటాక పరిచయస్తులతో తప్ప ఆడవు. మనం మాత్రం? పెద్దయ్యాక ఎవరితో పడితే వాళ్ళతో తొక్కుడుబిళ్ళ ఆడుతున్నామా?

నా మటుకు నాకు ఈ విషయం తేలడానికి పన్నెండు రోజులు పట్టింది. మా ఇంట్లో వున్నది ఆరేళ్ళ నాటుకుక్క. మా ఆడపడుచు కాశీ వెళ్తూ తన కుక్కని మా దగ్గర వదిలింది. ఇదీ మంచిదే, ఎలా వుంటుందో చూద్దామనుకున్నాం. సాయంత్రాలు రెండూ పెరట్లో పరుగులు పెడుతుంటే చూడటానికి రెండు కళ్ళూ చాలలేదు. కానీ మూడోనాటి నుంచి మాది తన పళ్ళెం దగ్గర నిలబడి అటూ ఇటూ చూసి గబగబా మింగడం మొదలుపెట్టింది. వంటింటి గడప దగ్గర రోజంతా కాపలా! రెండింటినీ వదిలి బజారుకి వెళ్తే, వచ్చిన కుక్క హాయిగా నిద్రపోయిందిట, మాది మాత్రం ఎప్పటిలాగే గేటు దగ్గరే కూర్చుని ఏడ్చిందిట. ఎదురింటి పిన్నిగారు చెప్పారు. దానికి కావలసింది మేమేనని మాకు తెలిసిపోయింది. ఇప్పుడు ఆదివారం ఆదివారం ఆడపడుచు ఇంటికి తీసుకెళ్ళి ఆడించి తీసుకొస్తున్నాం. ఆట ఆటా అయింది, ఎవరి పళ్ళెం వాళ్ళకే వుంది.

అందరికీ ఇలాగే జరగాలని లేదు. మా వెనక వీధిలో ఒక మాస్టారి ఇంట్లో నాలుగేళ్ళ మగకుక్కకి తోడుగా రెండేళ్ళ ఆడకుక్కని తెచ్చుకున్నారు. పెద్దాయన, ఆవిడ ఎప్పుడూ ఇంట్లోనే వుంటారు. పెరడు వుంది. మొదటిది చెప్పిన మాట వినే కుక్క. అక్కడ రెండూ ఒక్క గోనెపట్టా మీద పడుకుంటాయి. కనక తెచ్చుకోవచ్చా అంటే, ఇంటినిబట్టి, వున్న కుక్కనిబట్టి.

తేవాలనే అనుకుంటే కొన్ని విషయాలు గుర్తుంచుకోండి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మొదటిదానికి ఏడాదిన్నర, రెండేళ్ళు నిండి, బయటికి వెళ్ళే అలవాటూ, పిలిస్తే రావడమూ బాగా వచ్చాకే రెండోదాని మాట. లేకపోతే దాని అల్లరే దీనికీ అబ్బుతుంది. పది పన్నెండేళ్ళ ముసలి కుక్క వున్న ఇంట్లో పాలుమాలిన పిల్లని తేవడం మరీ ఆలోచించవలసిన పని. కీళ్ళ నొప్పులతో వున్న ప్రాణం మీద పిల్ల ఎక్కి దూకుతుంటే దానికి ముసలితనంలో శాంతి వుండదు. అది గుర్రుమంటే కోప్పడకండి. "నన్ను వదులు" అని మర్యాదగా చెప్పడం అది. ఆ హెచ్చరిక మానిపిస్తే ఈసారి చెప్పకుండానే కరుస్తుంది.

ఒకే ఈతలో పుట్టిన రెండు పిల్లల్ని కలిపి తెచ్చుకుంటే ముద్దుగానే వుంటుంది గాని, అవి ఒకదానికొకటి అతుక్కుపోయి మన మాట చెవిని పెట్టకపోవచ్చు. తెస్తే విడివిడిగా నేర్పే ఓపిక వుండాలి. సాధారణంగా ఒక ఆడది, ఒక మగది అయితే పోట్లాటలు తక్కువ. కానీ ఆడకుక్క సుమారు ఆరు నెలలకొకసారి ఎదకి వస్తుంది, రెండు మూడు వారాలు వుంటుంది. చూలు కట్టిన 63 రోజులకల్లా ఇంటినిండా పిల్లలే! ఆపరేషన్ విషయం డాక్టరుతో ముందే మాట్లాడుకోండి.

మంచుదేశాల బొచ్చుకుక్కల మీద మోజు పడకండి. మన మే నెల ఎండల్లో వాటి అవస్థ చూడలేం. మన నాటుకుక్క ఈ ఎండకీ ఈ వానకీ పుట్టిందే.

కొత్తదాన్ని సరాసరి ఇంట్లోకి తెచ్చి పాతదాని ముందు నిలబెట్టకండి. ముందు డాక్టరుకి చూపించి పది, పదిహేను రోజులు విడిగా వుంచండి. పార్వో వంటి జబ్బులు, పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతాయి. పిల్లకి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకాలు మొదలై, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున నాలుగు నెలలు వచ్చేదాకా నడుస్తాయి. రేబిస్ టీకా మూడో నెలలో, ఆ పైన డాక్టరు చెప్పిన ప్రకారం.

ఆ తరవాత ఇద్దరు మనుషులు చెరొక గొలుసు పట్టుకుని, రెండింటికీ కొత్తదైన వీధిలో, కొంచెం ఎడంగా, ఒకే దిక్కుగా నడిపించండి. నడక కుదిరాక వాసన చూసుకోనివ్వండి. అన్నం పళ్ళేలు వేరు వేరు చోట్ల పెట్టండి. బొమ్మలూ ఎముకలూ కొన్నాళ్ళు తీసి దాచండి. మొదటి వారాల్లో రెండింటినీ ఒంటరిగా కలిపి వదలకండి. పోట్లాడితే మధ్యలో చెయ్యి పెట్టవద్దు, చెంబెడు నీళ్ళు గుమ్మరించండి. ఎవరికైనా పన్ను గీరుకున్నా సబ్బుతో, ధార నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

డబ్బు లెక్క కూడా చూసుకోండి. తిండి రెట్టింపు, టీకాలు రెట్టింపు, ఊరికి వెళ్తే చూసేవాళ్ళని వెతకడం రెట్టింపుకన్నా ఎక్కువ. ఒక కుక్కనైతే ఎవరైనా "సరే వదిలి వెళ్ళమ్మా" అంటారు, రెండంటే వాళ్ళకే ఏదో పని గుర్తొస్తుంది!

ఇవన్నీ ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం వుంది. కుదరని రెండో కుక్క ఎక్కడికి పోతుంది? చాలాసార్లు వీధిలోకి. మెడలో పట్టీతో సందుచివర నిలబడి వచ్చే పోయే స్కూటర్లకేసి చూసే కుక్కల్ని మీరూ చూసే వుంటారు. ఇంట్లో పెరిగిన ప్రాణికి వీధి తిండి వెతుక్కోవడం తెలియదు. ఆకలికీ దాహానికీ వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. ఆ చట్టానికి బాట వేసింది ఒక స్త్రీ అని మనం గర్వంగా చెప్పుకోవచ్చు. 1952లో రాజ్యసభకి నామినేట్ అయిన రుక్మిణీదేవి అరండేల్, మూగజీవాల తరఫున తానే బిల్లు తెచ్చి పట్టుబట్టారు.

రెండోది వద్దనుకుంటే మన కుక్కకి అన్యాయం చేసినట్టేమీ కాదు. షికారులో దాన్ని లాక్కుపోకుండా చెట్టూ పుట్టా వాసన చూడనివ్వండి, దానికి అదే వార్తాపత్రిక! పాత తువ్వాల్లో నాలుగు చపాతీ ముక్కలు చుట్టిపెట్టి వెతుక్కోమనండి. వదిలి వెళ్ళడం మొదట అయిదు నిమిషాలు, తరవాత పది, ఆ తరవాత అరగంట అలవాటు చేయండి. తెలిసినవాళ్ళ కుక్కతో వారానికొక ఆట కుదర్చండి.

తేవాలనుకుంటే మాత్రం ఒకరోజు అందరినీ కూర్చోబెట్టి పొద్దుటి నడక ఎవరిది, రాత్రి నడక ఎవరిది, డాక్టరు దగ్గరికి ఎవరు అని పంచండి. కాగితం మీద రాసి వంటింటి తలుపుకి అంటించండి. అందులో అన్ని గడుల్లోనూ మీ పేరే కనబడితే, జవాబు మీకు దొరికినట్టే. వచ్చాక కొత్త ఒక వింత, పాత ఒక రోత కానివ్వకండి. పళ్ళెం ముందు పాతదానికే పెట్టండి, బయటినుంచి రాగానే ముందు దాని తలే నిమరండి. ఇన్నాళ్ళూ మన గుమ్మం కాచింది అదే కదా!