పేటెంటు పత్రములు – ఆటల యంత్రములు

కొలిమిగుండ్ల ప్రాంతమున నాపరాళ్లకు కొదువ లేదు. ఒక బండపై బొగ్గుతో గీతలు గీసి, మూడు పులులు, పదిహేను మేకలనుకొని గులకరాళ్లు పేర్చినచో పులిజూదము సిద్ధము. కంట్రోలరు మన చూపుడువ్రేలే! ఆ బండమీద కూర్చుండియే నేటి పిల్లలు, రానున్న గేమ్ కన్సోలు ఎట్లుండునో చర్చించుకొనుచున్నారు.

ఈ ఊహలు నిరాధారములు కావు. పేటెంటు దరఖాస్తు సాధారణముగా 18 నెలలకు బహిరంగమగును. జపానుకు చెందిన నింటెండో సంస్థవారి ‘స్విచ్ 2’ 2025 జూన్ 5న అంగడికి వచ్చినది. దాని కంట్రోలరును బల్లపై మౌసువలె జరుపవచ్చునని అంతకుముందే పేటెంటు బొమ్మలు తెలిపినవి. నాకైతే ఆ బొమ్మలు చూచుటయే ఒక వినోదము.

అయితే పేటెంటు కోరిన ప్రతి వస్తువును తయారు చేయవలెనను నిబంధన ఏ సంస్థకును లేదు. బొమ్మను నమ్మి పైకము కూడబెట్టు పిల్లవానికి తల్లిదండ్రులు ఈ సంగతి చెప్పవలెను.

మరియొక భేదము కలదు. 1982లో ‘డాంకీ కాంగ్’ చేతియంత్రముపై కనబడిన కూడికగుర్తు మీటవంటి నిర్మాణమునకు నింటెండోవారు 1987లో అమెరికా పేటెంటు పొందిరి. మన 1970 నాటి పేటెంట్ల చట్టములోని 3వ సెక్షను మాత్రము, కేవలము ఆట ఆడు పద్ధతిని పేటెంటుకు అర్హమైన ఆవిష్కరణగా ఒప్పుకొనదు. కనుక ఆ పత్రములను చూచి వ్రేలు ఎక్కడ ఆనునో చెప్పవచ్చును గాని, ఆట రక్తి కట్టునో లేదో చెప్పజాలము. మేకలు పులిని కట్టివేయు ఎత్తును తాతగారి నడిగియే నేర్చుకొనవలెను.