గాలికొండ వారన మన ఊళ్లు
హాస్టల్లో చేరే పిల్లల్ని "ఏ ఊరమ్మా?" అంటే "అరకు" అంటారు. అసలు ఊరు గాలికొండ వారన నాలుగిళ్ల గూడెం. పేరు చెప్పడానికి సిగ్గు!

అనంతగిరి మండలం నిమ్మలపాడు కూడా అలాంటి చిన్న ఊరే. అక్కడి భూముల్ని ప్రైవేటు కంపెనీకి గనుల లీజుకిస్తే 'సమత' సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని 1997 జూలై 11న తీర్పొచ్చింది. ప్రైవేటు కంపెనీలూ గిరిజనేతరుల కిందే లెక్క.

గాలికొండలో బాక్సైట్ ఉంది. నీళ్లూ ఉన్నాయి. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీయే తాటిపూడి రిజర్వాయరు చేరి విశాఖ దాహం తీరుస్తోంది.

వ్యూపాయింట్ దగ్గర ఫొటోలు దిగండి, ఎవరొద్దన్నారు? ఈసారి ఇంటికెళ్లినప్పుడు మాత్రం మీ ఊరి గెడ్డ ఏ ఊట నుంచి వస్తుందో పెద్దల్నడిగి, ఆ పేరు రాసుకు రండి.