ఈసునకు రెండు పేర్లు



నేను నివసించు నార్సింగి యొకప్పుడు గండిపేట చెరువు చెంతనున్న పల్లె. నేడచట ఆకసమంటు మేడలు లేచినవి. వానిలో భార్యాభర్త లిరువురును ఉద్యోగములు చేసి రాత్రికి ఇల్లు చేరుచున్నారు. ఐనను ఒక్క విషయమున మన తూకము మాఱలేదు. భర్త ఆలస్యముగా వచ్చినచో పనిభార మందుము. భార్య వచ్చినచో కారణ మడుగుదుము. ఆమె ప్రశ్నించినచో నది ఈసు. అతడు ప్రశ్నించినచో నది కుటుంబగౌరవము. ఒకే గుణమునకు రెండు పేర్లు!

ఇది నేటిది కాదు. శ్రీకృష్ణుడు పారిజాతమును రుక్మిణి కిచ్చెనని సత్యభామ యలిగినది. ఆ యలుకను మనము ముచ్చటగా చెప్పుకొందుమే గాని, అలుకకు కారకుడైనవాని నడుగ మఱతుము. గురజాడ అప్పారావుగారు 1910లో అడిగిరి. వారి 'దిద్దుబాటు' కథలో, సానిపాట విని ప్రొద్దుపోయి యిల్లు చేరిన గోపాలరావునకు భార్య కమలిని కనబడదు. పుట్టింటికి పోవుచున్నానను లేఖ కనబడును. ఆమె మంచము క్రిందనే యున్నది. కాని యామె రాత్రులు గడిపిన శూన్యగృహము నతడు కొంతసే పనుభవించెను. అదియే దిద్దుబాటు.

చట్టము సైత మీ తూకముతోనే నడచినది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 497వ సెక్షను ననుసరించి, పరుని భార్యతో ఆ భర్త సమ్మతి లేక సంగమించిన పురుషునకు ఐదేండ్ల వఱకు ఖైదు. భర్త సమ్మతించినచో నేరమే లేదు! తన భర్త తప్పు చేసినచో ఫిర్యాదు చేయుటకు భార్యకు హక్కు లేదు. అనగా నది సొత్తు పోయిన యజమాని వేయు వ్యాజ్యము వంటిది, సొత్తునకు నోరెక్కడిది? 2018 సెప్టెంబరు 27వ తేదీన సుప్రీంకోర్టున ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ సెక్షనును కొట్టివేసినది. విడాకులు కోరుటకు మాత్రము వ్యభిచారము ఇరువురికిని కారణముగానే నిలిచియున్నది.

దీనితో కట్టుబాటు తెగినదని కొందఱు వగచిరి. కట్టుబాటు కారాగృహమున లేదు. పెండ్లిపీటలపై 'నాతిచరామి' యని పలుకువాడు వరుడు. అతిక్రమింపనను మాట పురుషుని నోట వెలువడినది. దాని బరువును మాత్రము స్త్రీ తలపై మోపితిమి.

తల్లిదండ్రులారా! అత్తవారింటికి పంపునాడు కుమార్తెకు చెప్పు నీతిని, పెండ్లినాడు కుమారునకును చెప్పుడు.