బిడ్డకు టీకా: నా ఇష్టమా, నా బాధ్యతా?

(శ్రీ విజయపురంలో, అనగా పూర్వపు పోర్టుబ్లెయిర్‌లో, తపాలా ఉద్యోగుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ దీవులలో రైలు పట్టా లేదు. అయినప్పటికీ నేను చెప్పబోవునది ప్రధాన భూభాగంలోని రైల్వే సోదరులకు పరాయి విషయం కాదు. విశాఖ, చెన్నై, కోల్‌కతాలలో రైలు దిగి ఓడ ఎక్కి వచ్చిన కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నవి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ నూటికి పదమూడుగురు తెలుగువారు. మనుషులతోపాటు జబ్బులు కూడా అదే ఓడలో వస్తున్నవి.

అందుకు ఈ గడ్డయే సాక్ష్యం. 1858లో బ్రిటిషువారు ఇక్కడ ఖైదీల వలసను నెలకొల్పినారు. 1877లో తట్టు వ్యాపించి, అంతకుముందు ఆ జబ్బు ఎరుగని గ్రేట్ అండమానీయులను కబళించినది. ఇతర రోగాలు తోడైనవి. వేల సంఖ్యలో ఉండిన ఆ జాతి 1901 నాటికి 625కు, 1961 నాటికి 19కి తగ్గిపోయినది. 1999లో జారవాలకు కూడా తట్టు సోకినది. వారి అడవి గుండా సాగే ట్రంక్ రోడ్డు మీదనే నేడు మనం ప్రయాణిస్తున్నాము.

మన సభ్యులలో ఒకరు నన్ను ఇట్లా అడిగినారు: “అన్నగారూ, నా బిడ్డకు సూది వేయించడం, మానడం నా సొంత విషయం కాదా?”

కాదని నా సమాధానం. తన ఒంటికి సంబంధించి పెద్దవాడు చేసుకొనే నిర్ణయం వేరు. టీకా మానిపించినది తండ్రి. జ్వరపడేది నోరులేని బిడ్డ. అంతటితో ఆగదు. తట్టు టీకా మొదటి మోతాదు తొమ్మిది నెలలు నిండిన తరువాతనే వేస్తారు. అంతవరకు పొరుగింటి పసికందుకు మన బిడ్డ వేయించుకున్న టీకాయే రక్షణ. రోగనిరోధక శక్తి లేని జనంలో ఒక్క రోగి నుండి పన్నెండు మొదలు పద్దెనిమిది మందికి తట్టు సోకగలదు. కనుక నూటికి 95 మందికి రెండు మోతాదులు అందితేనే అది ఆగుతుంది. సంఘటిత కార్మికులకు ఈ లెక్క కొత్త కాదు. కట్టు ఒకచోట తెగితే నష్టం అందరిదీ.

అట్లని బలవంతం చేయమని నేను అనను. 1976లో కుటుంబ నియంత్రణ పేరిట జరిగిన నిర్బంధ శస్త్రచికిత్సలు ప్రజలలో ఎంతటి భయాన్ని నాటినవో మన పెద్దలు ఎరుగుదురు. పోలియోపై విజయం వేరొక దారిలో లభించినది. ఇంటింటికీ తిరిగి, నచ్చజెప్పి, రైల్వే స్టేషన్లలో, రైళ్లలో సైతం పిల్లలకు చుక్కలు వేసినారు. 2011 జనవరిలో హౌరాలో కనిపించినది మన దేశపు చివరి సహజ పోలియో కేసు. 2014లో పోలియో రహిత ధ్రువీకరణ లభించినది.

ఇక మన సంఘం సంగతి. టీకా తప్పిన ప్రతి ఇంటా మొండితనమే కారణం కాదు. మా పెద్దబిడ్డ టీకా రోజున నేను సంఘం పనిమీద ఊరిలో లేను. తరువాత ఇల్లాలు గుర్తుచేస్తే “వచ్చే నెల చూద్దాం” అన్నాను. ఆ నెల ఆరు నెలలైనది. నాది సిద్ధాంతం కాదు, అలసత్వం. అదృష్టవశాత్తు బిడ్డకు ఏమీ కాలేదు. కాని అదృష్టాన్ని బాధ్యత అనలేము.

మహిళా కేంద్ర ఉద్యోగులకు 2008లో శిశు సంరక్షణ సెలవు లభించినది. కాని రోజుకూలీకి పనిలేని దినం కూలిలేని దినమే. బాధ్యత వహించమని తల్లిదండ్రులను అడిగే సమాజం అందుకు వ్యవధి కూడా ఇవ్వాలి. కాబట్టి టీకా దినాన తల్లికిగాని తండ్రికిగాని ఒక పూట వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలని, గ్రామీణ డాక్ సేవకులకు, కాంట్రాక్టు కార్మికులకు కూడా అది వర్తింపజేయాలని మనం కోరాలి.

అది సాధించేవరకు చేతులు ముడుచుకొని కూర్చోవద్దు. ఈ రాత్రి ఇంటికి పోయి బిడ్డ టీకా కార్డు తీసి చూడండి. తప్పిన మోతాదు ఉంటే వెంటనే వేయించండి. ఒంటిపై దద్దురుతో, జ్వరంతో ఉన్న బిడ్డను ఓడ ఎక్కించవద్దు. డ్యూటీ వలన పోలేని సహోద్యోగి పని ఒక పూట మీరు చూసిపెట్టండి. సంఘం అంటే అదే.

ఉద్యోగుల ఐక్యత వర్ధిల్లాలి!