గోలు కాచువాని దేశాటనము



గడచిన మాసమున నేను స్వగ్రామమగు జోగిపేటకు పోయియుండగా, వరుసకు బావయగు నొక వృద్ధుడు నన్ను అందోలు చెరువుకట్టమీదికి వెంటబెట్టుకొని పోయి తన మనుమని సంగతి చెప్పెను. పిల్లవానికి పదునేడేండ్లు. ఫుట్‌బాలు ఆటలో గోలు కాచుచుండును. పటాన్‌చెరువు కర్మాగారములలో పని దొరకు త్రోవ యుండగా అది మాని, పరదేశమున నేదైన నొక సంఘమున చేరి గోలు కాచి బ్రదికెదనని పట్టు పట్టినాడట. “దుబాయికి పోయినోళ్లను చూసిన, మస్కటుకు పోయినోళ్లను చూసిన. బంతి పట్టనీకె సముద్రం దాటుడేంది బావా?” అని ఆయన నన్నడిగెను. నాడు నేను చెప్పిన యుత్తరము సగమే. తక్కినది నేడు మీ యందరి యెదుట చెప్పుచున్నాను.

ఈ ఆట నెరుగని వారికొరకు రెండు మాటలు. ఒక్కొక్క పక్షమున పదునొకండుగురు. అందు పదుగురు కాళ్లతో ఆడవలయును. బంతిని చేతితో ముట్టిన తప్పు. పదునొకండవవాడు మాత్రము తన గోలుముందర గీచిన గీతలలోపల చేతులతో పట్టవచ్చును. వాని వెనుక రెండు స్తంభములు, వాని నడుమ 8 గజముల యెడము, పైన 8 అడుగుల యెత్తున నొక అడ్డుకఱ్ఱ. ఆ వాకిలిని వాడొక్కడు కాపాడవలయును. జొన్నచేనిలో మంచెమీద నిలిచిన కావలివానిని తలచుకొనుడు. వాడు దినమెల్ల పిట్టలను తోలినను లెక్కించువారు లేరు. ఒక్క గుంపు కంకులమీద వాలెనా, యజమాని వచ్చి యడుగును.

ఈ కొలువున మఱియొక చిక్కు కలదు. వీరు ఊరూర తిరుగుటకు అదియే మూలము. తక్కిన ఆటగాండ్రను ఒక చోటనుండి మఱియొక చోటికి మార్చవచ్చును. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల అంతిమపోటీలో, వెనుక నిలిచి ఆడు జర్నయిల్ సింగును, తలకు తగిలిన గాయము మానకముందే, మన హైదరాబాదు శిక్షకుడు సయ్యదు అబ్దుల్ రహీము ముందు వరుసకు పంపెను. అతడు గోలు కొట్టెను. గోలు కాచువానికి అట్టి వెసులుబాటు లేదు. ఉన్నది ఒక్క స్థలము. అందు మొదటివాడు ఆరోగ్యముగ నున్నంతకాలము రెండవవాడు బల్లమీద కూర్చుండవలసినదే. అట్లు మూడేండ్లు కూర్చుండినవాడు మూట కట్టుకొని వేఱొక సంఘమును వెదకుకొనును. ఇది చాంచల్యము కాదు. ఆట యొక్క లెక్కయే యట్టిది.

ఆ జకార్తా పోటీలో గోలు కాచినవాడు పీటరు తంగరాజు. 1935లో మన హైదరాబాదున పుట్టి, సికింద్రాబాదు సంఘములలో ఆడి, 1953లో సైన్యమున మద్రాసు రెజిమెంటల్ సెంటరులో చేరెను. మొదట అతడు గోళ్లు కొట్టు నడిమివాడు, కాచువాడు కాడు. ఆరడుగుల మూడంగుళముల పొడవు గలవాడు గోలులో నిలువగనే ఆ వాకిలి చిన్నదైనట్లు తోచెడిదని నాటివారు చెప్పుదురు. అతని సైనికదళము 1955లోను, 1958లోను డ్యూరాండు కప్పు గెలిచెను. పిమ్మట కొలువు విడిచి కలకత్తాకు పోయి మహమ్మడన్ స్పోర్టింగు, మోహన్ బగాను, ఈస్టు బెంగాలు అను మూడు పెద్ద సంఘములకును వరుసగా గోలు కాచెను. ఆ మూడును ఒకదానికొకటి పొసగనివి. నిన్న తిట్టిన నోళ్లే నేడు జేకొట్టుట ఆయనకు వాడుకయై యుండును.

కలకత్తాయే మనకు దేశాంతరముగా నున్న దినములవి. 1956లో మెల్బోర్ను, 1960లో రోము ఒలింపిక్కు జట్లలో నతడుండెను. జకార్తాలోనో, మన దేశముపై కోపించిన ప్రేక్షకులు ఆటయంతయు కేకలు వేసిరి. దక్షిణకొరియాపై రెండు గోళ్లు ముందుండి, చివర నొకటి పోగొట్టుకొని, 2-1గా బంగారుపతకము తెచ్చిరి. రహీము అప్పటికే పుట్టకురుపుతో బాధపడుచుండెను, 1963లో పోయెను. తంగరాజునకు 1967లో అర్జున పురస్కారము లభించెను. తుదకు బొకారో ఉక్కు కర్మాగారమున చేరి పిల్లలకు ఆట నేర్పి, 2008లో అచ్చటనే మరణించెను. కర్మాగారము, ఆట ఒకదానికొకటి శత్రువులు కావని బావ కిచ్చట చెప్పవలసియుండెను; నాడు తోచలేదు.

నేటికాలమున విదేశసంఘమునకే పోయినవాడు గురుప్రీతు సింగు సంధు, పంజాబువాడు. 2014లో నార్వేదేశపు స్టాబెక్ సంఘమున చేరెను. లీగుపోటీలో తొలిసారి నిలుచుటకు 2016 వఱకు వేచియుండెను. ఆ సంవత్సరమే జూను 30వ తేదీన యూరోపా లీగు పోటీలో నాడిన మొదటి భారతీయుడయ్యెను. ఆ ఆట ముగియకముందే దెబ్బ తగిలి మైదానము వీడవలసివచ్చెను. 2017లో బెంగుళూరునకు తిరిగివచ్చెను. ఆడిన ఆటలు కొద్ది, కూర్చుండినవి పెక్కు. అయినను ఆ మంచుదేశమున దినదినము చేసిన సాధనయే పిమ్మట భారతజట్టునకు ఏండ్లతరబడి అక్కఱకు వచ్చినదని నా నమ్మకము.

వీరందఱికి తాతవంటివాడు జర్మనీకి చెందిన లుట్జ్ ఫానెన్‌స్టీలు. ప్రపంచ ఫుట్‌బాలు సంస్థయగు ఫిఫాలోని ఆరు ఖండముల సమాఖ్యలలోను జీతమునకు ఆడిన మొదటివాడు. ఇరువదికి మించిన సంఘములు మారెను. సింగపూరులో ఆట నమ్ముకొన్నాడను నేరముపై 101 దినములు చెఱనుండెను. తాను నిరపరాధినని చెప్పుకొన్నాడు. 2002 డిసెంబరులో ఇంగ్లండున నొకడు వచ్చి ఢీకొనగా మైదానములోనే ఊపిరి ఆగి, ప్రక్కవాడు నోటితో గాలి యూది బ్రదికించెను. మరల గ్లవుసులు తొడిగెను! అతనిని మెచ్చవలెనో మందలింపవలెనో నాకు తెలియదు.

1930లో ప్రథమాంధ్రమహాసభ జరిగిన మన యూరికి దూరపువారు వచ్చుటయు, మనవారు దూరము పోవుటయు క్రొత్తగాదు. భయపడవలసినది సముద్రమునకు గాదు, నడుమ నిలుచు దళారికి. పరీక్షకు పిలిపించెదనని లక్షలు పుచ్చుకొని, విమానాశ్రయమున విడిచి మాయమగువారు కలరు. ఫిఫా నియమమున, కొన్ని మినహాయింపులు దప్ప, పదునెనిమిదేండ్లు నిండనివానిని విదేశసంఘము చేర్చుకొనరాదు. మధ్యవర్తికి ఆ సంస్థవారి అనుమతిపత్రము ఉండవలయును. జీతము, బస, దెబ్బ తగిలిన వైద్యపు ఖర్చు, తిరుగుప్రయాణపు టిక్కెట్టు ఒప్పందములో వ్రాసియుండవలయును. మనమెరిగిన భాషలోనికి మార్పించుకొని చదువక సంతకము చేయరాదు.

ఇదంతయు నిన్న మరల బావకు చెప్పితిని. ఆయన చాలసేపు మాటాడక, “ఇంక ఏడాది ఉన్నదిగద, ఇంటర్ పాసుగానీ” అనెను. సరే యనలేదు. పాస్‌పోర్టు దరఖాస్తు ఎట్లు నింపవలెనో మాత్రము నన్నడిగి, కాగితముమీద వ్రాయించుకొని పోయెను.