ఆట ఎవరిది, లెక్క ఎవరి చేతిలో?

(భిలాయిలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరవుభత్యం, వేతన సంఘం, పింఛను మొదలైన విషయాలను గూర్చి నాకు ముందు మాట్లాడినవారు సవివరంగా చెప్పియున్నారు. నాకు అప్పగింపబడిన విషయం మాత్రం కొంత వింతగా తోచవచ్చును. మనం ప్రతిదినం సెల్‌ఫోనులోనో కంప్యూటరులోనో ఇంటర్నెట్ తెరచి వార్తలు చదువుకొంటాము, టిక్కెట్టు తీసుకొంటాము, పిల్లల పరీక్షా ఫలితాలు చూచుకొంటాము. ఈ మామూలు సంచారాన్నే వేలమంది ఒకేసారి ఆడే ఆటగా మార్చవచ్చునా అన్నది విషయం. ‘ఇది కుర్రకారు ముచ్చట, కార్మిక సంఘానికి దీనితో పనియేమి?’ అని వెనుక వరుసలో ఎవరో గుసగుసలాడడం నాకు వినబడకపోలేదు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పుటకే ఈ అరగంట తీసుకొంటున్నాను.

ముందుగా ఆ ఆట పుట్టుకను గూర్చి చెప్పవలసియున్నది. అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జస్టిన్ హాల్ అనే యువకుడు చదువుకొనేవాడు. 1994 నుండియే తన దినచర్యను వెబ్‌లో బహిరంగంగా వ్రాసుకొన్న తొలితరం వారిలో అతడొకడు. 2007 ప్రాంతంలో తన పట్టా నిమిత్తం అతడు రూపొందించిన ఆటకు పి.ఎం.ఓ.జి. అని పేరు. ఆ నాలుగు అక్షరాల భావాన్ని మన మాటల్లో చెప్పాలంటే, ‘ప్రత్యేకించి ఆడకుండానే పదిమందితో ఆడే ఆట’ అనవచ్చును.

దాని పద్ధతి మన వైకుంఠపాళి తెలిసినవారికి సులభంగా అర్థమవుతుంది. వైకుంఠపాళిలో పటం ఒకటి ముందే గీసి ఉంటుంది. పాములు, నిచ్చెనలు ఎక్కడున్నదీ అందరికీ కనబడుతుంది. ఈ ఆటలో పటమంటూ వేరుగా లేదు. యావత్తు వెబ్ ప్రపంచమే పటం. ఫైర్‌ఫాక్స్ అనే బ్రౌజరుకు ఒక చిన్న అనుబంధాన్ని తగిలించుకొంటే చాలు. ఆ తరువాత మీరు ఏ వెబ్‌సైటుకు పోయినా మీ ఖాతాలో పాయింట్లు పడుతూ ఉంటాయి. ఆ పాయింట్లతో సాధనాలు కొనుక్కోవచ్చును. ఒక పేజీపై మందుపాతర పెట్టవచ్చును. మీ తరువాత అక్కడకు వచ్చిన ఆటగాడి పాయింట్లు దానివలన పోతాయి. కవచం తొడుగుకొని తిరిగేవాడు దాని దెబ్బ తప్పించుకొంటాడు. మంచి మనస్సున్నవాడు అదే పేజీపై కానుకల పెట్టె వదలిపెట్టవచ్చును. ఒక పేజీ నుండి ఎక్కడో ఉన్న మరొక పేజీకి దారి తెరవవచ్చును. అన్నింటికంటె ముచ్చటైనది ‘మిషన్’ అనే ఏర్పాటు. ఒక విషయంపై తాను మెచ్చిన పేజీలను వరుసగా కూర్చి, ఇతరులను ఆ త్రోవలో నడిపించడం. యాత్రికుల చేయి పట్టుకొని గుడులన్నీ చూపించే పెద్దమనిషి పని వంటిది అది.

హాల్ మరికొందరితో కలసి గేమ్‌లేయర్స్ అనే సంస్థను స్థాపించి దీనిని నడిపించాడు. 2009లో ఆటకు ది నెదర్‌నెట్ అని పేరు మార్చారు. ఆ యేడే అది మూతపడింది. ఆడినవారికి సరదా దొరికింది గాని సంస్థకు రాబడి దొరకలేదు.

ఆట పోయినా అందులోని ఆలోచన మాత్రం పోలేదు. మనిషి తన పనిమీద తాను పోతూ వదలిన అడుగుజాడలను లెక్కపెట్టి, వాటికి పాయింట్లు కట్టి, పదిమందిలో పోటీ పెట్టవచ్చునని అది చూపించింది. తరువాతి కాలంలో ఆ ఆలోచన ఎక్కడెక్కడికి పాకిందో చూడండి. 2009లో ఫోర్‌స్క్వేర్ వచ్చి, కాఫీహోటలుకు పోయినందుకు పతకమిచ్చింది. 2016లో పోకెమాన్ గో వచ్చి, ప్రపంచమంతటా పిల్లలనూ పెద్దలనూ వీధులలో త్రిప్పింది. 2017లో మన దేశంలో గూగుల్ సంస్థ తేజ్ అనే పేరుతో డబ్బు చెల్లింపుల ఏర్పాటు తెచ్చినపుడు, పాలవానికి డబ్బు పంపినా గీకి చూసుకొనే చీటీ ఒకటి వచ్చేది. 2019 దీపావళికి అదే సంస్థ ఐదు రకాల బొమ్మల స్టాంపులు కూడబెట్టినవారికి 251 రూపాయలు ఇస్తామన్నది. నాలుగు దొరికేవి, ఐదవదైన ‘రంగోలీ’ దొరికేది కాదు. ఆ ఒక్క స్టాంపు కొరకు బంధుమిత్రులకందరికీ సందేశాలు పంపినవారు ఈ సభలో కూడా ఉన్నారేమో! తపాలా సోదరులకు స్టాంపుల సేకరణ కొత్తగాదు గాని, అంటించడానికి పనికిరాని స్టాంపు కొరకు దేశమంతా ఎగబడడం మాత్రం వారికిని కొత్తయే.

ఇది ఇంతవరకు ఇంటి సంగతి. ఇక కార్ఖానా సంగతికి వస్తాను.

అమెరికాలో ఎనాహైమ్ నగరంలోని డిస్నీలాండ్ హోటళ్లలో దుప్పట్లు, తువ్వాళ్లు ఉతికే కార్మికులున్నారు. వారు పనిచేసే నేలమాళిగ గోడలపై పెద్ద తెరలు పెట్టి, ఎవరు ఎంత వేగంగా పనిచేస్తున్నదీ పేరుపేరునా చూపించసాగారు. లక్ష్యం అందుకొన్నవాని పేరు పచ్చరంగులో, వెనుకబడినవాని పేరు ఎర్రరంగులో. పత్రికలు 2011లో ఈ సంగతి బయటపెట్టాయి. అక్కడి కార్మికులు ఆ తెరకు పెట్టుకొన్న పేరు ‘విద్యుత్ కొరడా’. అమెజాన్ గిడ్డంగులలో సరుకు ఏరి సర్దేవారి ముందు తెరలు పెట్టి, వారి పని వేగాన్ని పరుగుపందెంగానో, కోట కట్టే ఆటగానో చూపే ఏర్పాటును గూర్చి 2019లో అమెరికా పత్రికలు వ్రాశాయి.

ఈ రెండింటిలోను ఆట ఉన్నది, పాయింట్లున్నవి, పోటీ ఉన్నది. హాల్ ఆటలో ఉండి వీటిలో లేనిది ఒకటున్నది. అక్కడ ఆటగాడు తెలిసి చేరాడు, విసుగు పుట్టిననాడు తీసివేసి పోగలిగాడు. దుప్పట్లు ఉతికే అమ్మకు ఆట మానుకొనే వీలు లేదు. మానుకొంటే ఉద్యోగమే మానుకోవాలి.

పనిలో ఆట ఉండకూడదని నేను చెప్పబోవడం లేదు. పట్టాల మీద పనిచేసిన సోదరులు నన్ను సమర్థిస్తారు. పట్టా ఎత్తేటపుడు, గునపాలు వేసి లైను జరిపేటపుడు ఒకడు పాట ఎత్తుకొంటాడు, తక్కినవారు వంత పాడుతారు. ఆ పదం పడినచోటనే అందరి బలమూ ఒక్కసారిగా పడుతుంది. అది ఆటయే, పాటయే, పనియే. కాని అందులో తాళం ఎవరి చేతిలో ఉన్నదో గమనించండి. పాట ఎత్తుకొనేవాడు గ్యాంగులో మనిషి. ఎండ ముదిరితే తాళం నెమ్మదిస్తుంది. ముసలివాడొకడు గుంపులో ఉంటే పదానికీ పదానికీ నడుమ ఒక ఊపిరి ఎక్కువ పడుతుంది. ఆ మాత్రం జాలి గోడమీది తెరకు ఎక్కడిది?

ఈ సందర్భంలో ఈ పట్టణానికి దగ్గరదైన చరిత్ర ఒకటి జ్ఞాపకం చేయవలసియున్నది. 1955 ఫిబ్రవరిలో కుదిరిన ఒడంబడిక ప్రకారం సోవియట్ సహకారంతో భిలాయి ఉక్కు కర్మాగారం నిర్మింపబడింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. మన బండ్లు నడిచే పట్టాలు దశాబ్దాలుగా ఇక్కడినుండియే వస్తున్నవి; ఇప్పుడు 130 మీటర్ల పొడవు పట్టా ఒకే ముక్కగా ఇక్కడ తయారవుతున్నది. ఉత్తమ సమగ్ర ఉక్కు కర్మాగారానికిచ్చే ప్రధానమంత్రి ట్రోఫీని భిలాయి పదకొండుసార్లు గెలిచింది. కనుక పోటీ, పతకం, గౌరవ ఫలకం అనే మాటలు ఈ ఊరివారికి ఎవరూ నేర్పనక్కరలేదు.

ఆ సోవియట్ దేశంలోనే 1935 ఆగస్టు చివర దోన్‌బాస్ బొగ్గుగనిలో అలెక్సీ స్తఖానోవ్ అనే కార్మికుడు ఒక్క షిఫ్టులో 102 టన్నుల బొగ్గు తీశాడు. నిర్ణయించిన ప్రమాణం 7 టన్నులు. గని కప్పు పడిపోకుండా దుంగలు నిలిపే పనిని వేరేవారు చేసిపెట్టగా అతడు బొగ్గు కొట్టుకొంటూ పోయాడు. కీర్తి మాత్రం అతని ఒక్కనికే వచ్చింది. అతని పేరున దేశవ్యాప్తంగా ఉద్యమం నడిచింది. మరుసటి సంవత్సరం, అనగా 1936లో, అనేక పరిశ్రమలలో పని ప్రమాణాలను పెంచివేశారు. రికార్డు ఒకనిది, పెరిగిన భారం అందరిదీ. కార్మికుల పేరున ఏర్పడిన రాజ్యంలోనే ఇట్లు జరిగినపుడు, లాభం కొరకు నడిచే సంస్థలో పాయింట్ల పట్టిక ఏ దిక్కుకు పోవునో ఊహించుట కష్టం కాదు.

పని కొలవడాన్నే మనం వ్యతిరేకిస్తున్నామా? లేదు. తపాలా ఉద్యోగులకు బేవూర్ కాలపరీక్ష తెలుసు. ఏ పనికి ఎన్ని నిమిషాలన్నది కాగితంపై ఉండేది, దానిపై వాదించవచ్చును. రైల్వే సోదరులకు ఉత్పాదకత బోనస్ తెలుసు. 1974 మే 8న మొదలైన సమ్మెలో బోనస్ ఒక ప్రధాన కోరిక. ఆ సమ్మెను ఎంత కర్కశంగా అణచినదీ ఇక్కడ చెప్పనక్కరలేదు. కాని 1979–80లో ఉత్పాదకతతో ముడిపడిన బోనస్ రైల్వేకు వచ్చింది. రవాణా పరిమాణం, సిబ్బంది సంఖ్య మొదలైనవాటితో కట్టిన సూత్రం అది. ఎంత వచ్చినదీ ఎందుకు వచ్చినదీ అడిగి తెలుసుకోవచ్చును. నెలకు 7,000 రూపాయల వేతన పరిమితిపై లెక్కగట్టడం వలన 2025లో కూడా 78 రోజులకు చేతికి వచ్చినది అత్యధికంగా 17,951 రూపాయలే. ఈ అన్యాయాన్ని మనం వ్రేలు పెట్టి చూపగలుగుతున్నామంటే, సూత్రం బహిరంగంగా ఉండుటయే కారణం. అంతేకాదు, ఆ బోనస్ గ్యాంగు మొత్తానికీ వస్తుంది. ప్రక్కవాడు వెనుకబడితే నాకు నాలుగు పాయింట్లు కలసివస్తాయనే దుర్బుద్ధికి అందులో చోటు లేదు.

సెల్‌ఫోనులోని లెక్క ఇటువంటిది కాదు. 2017 చివరినుండి దర్పణ్ పథకం క్రింద గ్రామీణ శాఖా తపాలా కార్యాలయాలకు చేతిలో పట్టుకొనే యంత్రాలు అందాయి. యంత్రం వచ్చిందని మనం ఏడ్వలేదు. పల్లెలో పింఛను ముసలమ్మకు గడపవద్దనే డబ్బు అందితే మనకే గౌరవం. కాని యంత్రం చేసిన ప్రతి పనికీ గడియారపు గుర్తు మిగులుతుంది. ఆ గుర్తులన్నీ పోగుచేసి ఒక పట్టిక తీయడం రేపు క్షణంలో పని. ఖాతాలు తెరిపించే లక్ష్యాల పట్టికను వాట్సాప్ గుంపులో పెట్టి, అట్టడుగువాని పేరు ఎర్రరంగులో చూపడం ఏ కార్యాలయంలో జరిగినా, అది ఎనాహైమ్ నేలమాళిగకు తమ్ముడే. వంద ఇళ్ల ఊరిలో పనిచేసేవానినీ రెండువేల ఇళ్ల ఊరిలో పనిచేసేవానినీ ఒకే పట్టికలో నిలబెట్టడం ఏమి న్యాయం?

ఆటలో డబ్బు పందెం కలిస్తే ఏమవుతుందో ఈ ఊరికి వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడివారి పేర్లతో ముడిపడి దేశమంతటా పత్రికలకెక్కిన మహాదేవ్ పందేల యాప్ వ్యవహారం మీకు తెలిసినదే. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం దానితో సహా 22 యాప్‌లను, వెబ్‌సైట్లను నిలిపివేసింది. నేరం ఎవరిదన్నది న్యాయస్థానాలు తేల్చవలసిన విషయం. దానిజోలికి నేను పోను. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఉద్యోగుల పరపతి సంఘాల కార్యదర్శులు తమ వద్దకు వచ్చే అప్పు దరఖాస్తులను ఈ దృష్టితో కూడా కొంచెం చూడవలసినదిగా నా మనవి. అప్పులో కూరుకొనిపోయినవాడు సిగ్గుతో నోరు విప్పడు. వాని భార్య వచ్చి చెప్పేనాటికి భవిష్యనిధి కూడా మిగలదు.

ఇక మన హక్కు ఎక్కడున్నదంటే, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, పుట్టస్వామి వ్యాజ్యంలో, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పింది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం కూడా వచ్చింది. ఉద్యోగి సమాచారం విషయంలో యజమానికి ఆ చట్టం కొన్ని వెసులుబాట్లు ఇచ్చినందున, దానిమీదనే పూర్తిగా ఆధారపడి కూర్చుండుటకు వీలులేదు.

కావున శాఖల కార్యదర్శులకు నేను చెప్పేది ఇది. మీ కార్యాలయంలో క్రొత్త యాప్ ప్రవేశపెట్టినపుడు పరిపాలనను వ్రాతమూలకంగా అడగండి. ఇది ఏయే గుర్తులను పోగుచేస్తున్నది? వాటిని ఎవరు చూస్తారు, ఎంతకాలం దాచుతారు? పాయింట్లో ర్యాంకులో ఉంటే వాటి సూత్రమేమి? ర్యాంకును బట్టి బదిలీగాని, ఛార్జిషీటుగాని ఉండునా? విశ్రాంతి వేళ ఉద్యోగి దానిని ఆపి ఉంచవచ్చునా? రైల్వేలో పి.ఎన్.ఎం. సమావేశాలున్నవి, ఉభయ శాఖలకూ సంయుక్త సంప్రతింపుల యంత్రాంగం ఉన్నది; అక్కడ ఈ ప్రశ్నలు ఎజెండాలోకి ఎక్కాలి. వచ్చిన జవాబుల నకళ్లను కేంద్ర కార్యాలయానికి పంపండి. జవాబు రానిచోట, రాలేదని పంపండి. ఏ డివిజనులో ఏమి జరుగుతున్నదో ఒకచోట చేర్చి చూడగలిగితేనే తరువాతి సమావేశానికి మన పత్రం తయారవుతుంది.