ఇంటి సర్వర్‌లో ఫోల్డర్ తెరుచుకోకపోతే

ఇంట్లోని లైనక్స్ కంప్యూటర్‌లో అందరి కోసం ఉంచిన ఫోల్డర్ మరో కంప్యూటర్‌కు తెరుచుకోకపోతే కారణాన్ని ఎలా వెతకాలో ఈనాటి పాఠంలో తెలుసుకుందాం.

బిలాస్‌పూర్ దగ్గరి సీపత్‌లో మా ఇంటి పాత కంప్యూటర్‌లో ఉబుంటు లైనక్స్ వేసుకున్నాం. రైల్వేలో పనిచేసి రిటైరైన మా నాన్నగారి ఫోటోలు, ఆంధ్రా నుంచి బంధువులు ఆయనకు రాసిన ఉత్తరాల స్కాన్లు అందులో దాచాం. ఒకరోజు మా చెల్లెలు తన విండోస్ లాప్‌టాప్‌లో తెరవబోతే అనుమతి లేదని వచ్చింది. నేను తొందరపడి ఆ ఫోల్డర్‌కు 777 అనుమతి ఇచ్చేశాను. ఎవరైనా చదవవచ్చు, రాయవచ్చు, చెరపవచ్చు అని దాని అర్థం. అయినా అది తెరుచుకోలేదు! ఎందుకు?

లైనక్స్ ఫోల్డర్లను విండోస్‌కు అందించే సాఫ్ట్‌వేర్ పేరు సాంబా. ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో దీనికి నాంది పలికారు. సాంబా ద్వారా వచ్చేవారు రెండు తనిఖీలు దాటాలి. మొదటిది సాంబాది, రెండవది లైనక్స్‌ది. రెండింటిలో ఏది కఠినంగా ఉంటే అదే చెల్లుతుంది.

అందువల్ల ముందుగా లక్షణాన్ని గమనించాలి. సర్వర్ కనబడటమే లేదంటే లోపం దారిలో ఉంది. నెట్‌వర్క్‌నూ, ఫైర్‌వాల్‌లో 445వ పోర్టునూ చూడాలి. పాస్‌వర్డ్‌ను మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే లోపం పేరులో ఉంది. సాంబా తన పాస్‌వర్డ్‌ల పట్టికను విడిగా ఉంచుకుంటుంది. లైనక్స్‌లో ఖాతా ఉన్నంత మాత్రాన చాలదు. 'ఎస్‌ఎంబీపాస్‌డబ్ల్యూడీ' అనే ఆదేశంతో ఆ పేరును ఇక్కడ కూడా చేర్చాలి. విండోస్ పాత పేరుతోనే కలిసి ఉంటే, ఆ కనెక్షన్‌ను తెంచి మళ్ళీ ప్రయత్నించాలి.

ఫోల్డర్ తెరుచుకుంటుంది కానీ రాయనివ్వడం లేదంటే సాంబా సెట్టింగుల ఫైలు చూడండి. వేరేగా చెప్పకపోతే సాంబా ప్రతి ఫోల్డర్‌నూ చదవడానికి మాత్రమే ఇస్తుంది. ఆ ఫైలులో రాత తప్పులుంటే 'టెస్ట్‌పార్మ్' చూపిస్తుంది.

ఇక పేరు సరిపోయినా అనుమతి లేదంటే? మా ఇంట్లో జరిగింది ఇదే. బిలాస్‌పూర్ నుంచి రాయపూర్, టిట్లాగఢ్, రాయగడ మీదుగా విశాఖపట్నం వెళ్ళే రైలును తలచుకోండి. విశాఖ స్టేషన్ తెరిచే ఉంది. కానీ రాయగడ దగ్గర లైను మూసి ఉంటే రైలు విశాఖ చేరదు. ఫోల్డర్ విషయమూ అంతే. దానికి వెళ్ళే దారిలోని ప్రతి ఫోల్డర్‌లోనూ లోపలికి నడిచే అనుమతి ఉండాలి. దాన్ని ఎక్స్ అనే అక్షరం సూచిస్తుంది. మా ఫోటోల ఫోల్డర్ నా హోమ్ డైరెక్టరీ లోపల ఉంది. ఉబుంటు 21.04 నుంచి కొత్త హోమ్ డైరెక్టరీలకు 750 అనుమతి ఉంటోంది. అంటే ఇతరులకు ప్రవేశం లేదు. చివరి గది తలుపు తెరిచాను, వీధి గుమ్మం మాత్రం మూసే ఉంది! 'నేమ్‌ఐ మైనస్ ఎల్' అనే ఆదేశం ఇస్తే దారిలోని ఒక్కొక్క ఫోల్డర్ అనుమతినీ వరుసగా చూపింది.

ఫోల్డర్‌ను 'ఎస్ఆర్‌వీ' డైరెక్టరీకి మార్చగానే చెల్లెలికి ఫోటోలు కనిపించాయి. కానీ 777ను వెనక్కి తీయడం మరచిపోయాను. వారం తిరగకుండా పిల్లల చేతిలోని ఫోన్ నుంచి ఒక ఉత్తరాల కట్ట చెరిగిపోయింది. నెట్‌వర్క్ మీదుగా చెరిపిన ఫైలు మామూలుగా విండోస్ చెత్తబుట్టలోకి వెళ్ళదు. వేరే డిస్కులో కాపీ ఉండబట్టి నాన్నగారి ఉత్తరాలు దక్కాయి.

ఆ తరువాత కుటుంబ సభ్యులతో ఒక గ్రూపు చేసి, ఫోల్డర్‌కు 2770 అనుమతి ఇచ్చాను. గ్రూపులోని వారికి పూర్తి హక్కు, బయటివారికి ఏమీ లేదు. మొదటి 2 వల్ల కొత్త ఫైళ్ళు కూడా అదే గ్రూపుకు చెందుతాయి. పిల్లల ఖాతాను గ్రూపులో ఉంచి, సాంబాలో చదవడానికే పరిమితం చేశాను.

పాత పరికరం కోసం ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌ను తిరిగి తెరవమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. 2017లో వాన్నాక్రై వ్యాపించింది విండోస్‌లోని ఆ పాత పద్ధతి లోపం వల్లే.

ఈ పాఠంలో గుర్తుంచుకోవలసింది ఇది: దారి, పేరు, సాంబా, లైనక్స్ — ఈ వరుసలో ఒక్కొక్కటే పరీక్షించాలి. ఒకసారి ఒక్క మార్పే చేయాలి. పనిచేయని మార్పును వెంటనే వెనక్కి తీసుకోవాలి.